యాభై ఆరడుగుల అతుకు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వాసా అని ఒక ఊరుంది. చలికాలం అక్కడ నెలల తరబడి సాగుతుంది. ఆ ఊళ్ళో ఎవీ రోజెన్ ఊలు దుకాణం నడిపేవారు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకు చేత్తో అల్లిన దుప్పట్లు ఇవ్వాలని ఆమెకు తోచింది. సూది పట్టడం వచ్చినవాళ్ళకు కొదవలేదు, ఇవ్వాలన్న మనసుకూ కొదవలేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఒక పెద్ద దుప్పటి ఒక్క చేతి మీద పూర్తి కావాలంటే నెలలు పడుతుంది. ఉద్యోగం, పిల్లలు, వంటిల్లు చూసుకుంటూ మొదలుపెట్టిన దుప్పటి మూడోవంతు దగ్గర ఆగి అలమారా అడుక్కి చేరుతుంది. 1991లో రోజెన్ ఈ చిక్కును ఒక కొలతతో విడదీశారు. దుప్పటి ఎవరూ అల్లనక్కర్లేదు. 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ఉన్న ముక్క ఒకటి అల్లి ఇస్తే చాలు. అలాంటివి 49 చేరితే ఒక దుప్పటి.

'వార్మప్ అమెరికా' పేరుతో ఆ పద్ధతి దేశమంతా పాకింది. అప్పుడే సూది పట్టిన బడిపిల్లలు, కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళు కూడా అల్లగలిగినంత చిన్న ముక్క అది. ఇంట్లో మిగిలిపోయిన ఊలుకు కూడా దారి దొరికింది. ముక్క చిన్నది గనుక రంగు రంగుకో చార వేసి ముగించొచ్చు.

ఇంతవరకు అందరూ మెచ్చుకునేదే. ఇలాంటి సంగతులు పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఆ మెప్పంతా ముక్క అల్లినవాళ్ళకు పోతుంది. అట్టపెట్టెలో పడి ఉన్నంతసేపు 49 ముక్కలు 49 ముక్కలే. వాటిని దుప్పటిగా మార్చేది అతికే చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగరు. అల్లిక లోకంలో ఇది కొత్త సంగతేం కాదు. విస్కాన్సిన్ నుంచి మన నరసాపురం లేసు పల్లెల దాకా ఇదే వరస, ఈ వరస మారాలి.

ముందు చారల సంగతి. ఊలుతో పనిచేసే ఏ ఇంట్లోనైనా మిగులు తప్పదు. స్వెటరుకో, పసిపిల్లల టోపీకో ఊలు కొనేటప్పుడు ఒక ఉండ ఎక్కువే కొంటారు. తక్కువపడితే మళ్ళీ వెళ్ళి తెచ్చిన ఉండ వేరే వాయిలో అద్దినదైతే, పేరు అదే అయినా ఛాయలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఎక్కువైనదంతా ఒక సంచిలో చేరుతుంది. మన దగ్గర దొరికే ఊలులో చాలావరకు లూథియానా నుంచి వర్ధమాన్, ఓస్వాల్, గంగా పేర్లతో వచ్చే అక్రిలిక్ దారమే. దానికి పురుగు పట్టదు, చివకదు. అందుకని ఆ సంచి పదేళ్ళయినా అలాగే ఉంటుంది. నిమ్మకాయంత ఉండతో టోపీ రాదు, మేజోడు రాదు. ఒక చార మాత్రం వస్తుంది.

ఎంత ఉండకు ఎన్ని వరసలు వస్తాయన్నది చేతి బిగువును బట్టి మారుతుంది. పని తెలిసినవాళ్ళు సూత్రాల జోలికి పోకుండా వంటింటి త్రాసు వాడతారు. ఉండను తూచి, నాలుగు వరసలు అల్లి, మళ్ళీ తూస్తారు. నాలుగు వరసలకు మూడు గ్రాములు పోయిందనుకుంటే, ఇంకా ఆరు గ్రాములున్న ఉండతో ఎనిమిది వరసలు రావాలి. ఏడు దగ్గర ఆపి రంగు మారిస్తే, వరస మధ్యలో దారం అయిపోయి విప్పుకునే బెడద ఉండదు.

రంగు మార్చడంలోనూ ఒక కిటుకుంది. వరసలో చివరి కుట్టు పూర్తిగా ముగించాక కొత్త రంగు తగిలిస్తే, పాత రంగు తర్వాతి చారలోకి ముక్కు పెడుతుంది. చివరి కుట్టులో సూది మీద ఇంకా రెండు ఉచ్చులు ఉండగానే పాత దారం వదిలేసి, కొత్త దారాన్ని ఆ రెండింటిలోంచి లాగాలి. అప్పుడు చార గీత గీసినట్టు తేలుతుంది.

అన్నిటికన్నా మొండిది అంచు. సింగిల్ క్రోషేలో పక్కకు తిరిగినప్పుడల్లా మొదటి కుట్టో చివరి కుట్టో కంటబడకుండా జారిపోతుంది. 25 కుట్లతో మొదలైన ముక్క పైకి పోయేసరికి 22 దగ్గర తేలుతుంది. కింద ఏడంగుళాలు, పైన ఆరుంపావు. ఇక రెండు రకాల ఊలు కలిపేస్తే చెప్పక్కర్లేదు. అసలైన గొర్రె ఊలు వేడినీళ్ళలో, వాషింగ్ మెషీన్లో ముడుచుకుని గట్టిపడుతుంది. అక్రిలిక్ ముడుచుకోదు. ఆ రెండూ పక్కపక్కన చారలైతే తొలి ఉతుకుకే ముక్క వంకర తిరుగుతుంది. వేడి ఇస్త్రీతో సరిచేద్దామంటే అక్రిలిక్ దారంలో పొంగు చచ్చి, పీలికలా వేలాడుతుంది.

ముక్క అల్లినావిడకు ఈ ముప్పావంగుళం తేడా లెక్కలోకి రాదు. ఆమె దాన్ని పెట్టెలో వేసి వెళ్ళిపోతుంది. ఆ తేడా వేరొకరి ఒళ్ళో పడుతుంది.

ఆ వేరొకరి పని ఎంతో లెక్క కట్టడం కష్టమేం కాదు. అడ్డంగా 7, నిలువుగా 7 ముక్కలు పేరిస్తే దుప్పటి 49 అంగుళాల వెడల్పు, 63 అంగుళాల పొడవు తేలుతుంది. లోపలి నిలువు అతుకులు 6, ఒక్కొక్కటి 63 అంగుళాలు. అడ్డం అతుకులు 6, ఒక్కొక్కటి 49 అంగుళాలు. అన్నీ కలిపితే 672 అంగుళాలు, అంటే 56 అడుగులు. చుట్టూ అంచు వేయాలంటే ఒక్క వరసకే మరో 224 అంగుళాలు. ఇక దారం కొసలు. ముక్కకు ఆరు చారల చొప్పున, రంగు రంగుకూ మొదటి కొస, చివరి కొస కలిపి 12. అల్లినవాళ్ళు వాటిని అలాగే వదిలేసి పంపితే, 49 ముక్కలకు 588 కొసలు. ఒక్కో కొసను పెద్ద కన్నున్న సూదికి ఎక్కించి, కుట్ల వెనకగా ఒకవైపు పోనిచ్చి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఇంకోసారి దారి మార్చి దాచాలి. ముడి వేసి కత్తిరిస్తే సరిపోదా అనుకుంటారు. సరిపోదు. నున్నటి అక్రిలిక్ ముడి కొన్ని ఉతుకులకే జారుతుంది, దాంతో చార విచ్చుకుంటుంది.

అల్లిక సరదా పని. టీవీ చూస్తూ, బస్సులో కూర్చుని, కబుర్లాడుతూ కానిచ్చేయొచ్చు. అతకడానికి మాత్రం చోటు కావాలి, మంచి వెలుతురు కావాలి. ముక్కలన్నీ నేల మీద పరిచి, ఎర్ర చారల ముక్కలన్నీ ఒకే మూలకు చేరకుండా చూసుకోవాలి. ఆరుంపావు అంగుళాల అంచును ఏడున్నర అంగుళాల అంచుతో రాజీ చేయాలి. ఆ రాజీ కుదిరితే ఎవరి కంటా పడదు, కుదరకపోతే తప్పు అతికిన చేతి మీద పడుతుంది. సేవ పేరుతో అల్లిక జరిగేచోట ముక్కలు గుట్టలు పడటం, అతికేవాళ్ళు దొరక్కపోవడం మామూలు సంగతి కావడంలో వింతేముంది?

చారల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క ముచ్చట. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రవేత్త ఎలీ హైవుడ్ 2017లో ఒక దుప్పటి అల్లారు. ఏడాదికో చార. ఆ ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రతను బట్టి చార రంగు. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎడ్ హాకిన్స్ దాని నుంచి ప్రేరణ పొంది, 2018లో నీలం నుంచి ఎరుపుకు నడిచే చారల బొమ్మలు విడుదల చేశారు. పత్రికల అట్టల మీద, టైల మీద, గోడల మీద అవి ప్రపంచమంతా కనిపించాయి. దుప్పటి సంగతి హాకిన్స్ దాచిపెట్టలేదు. అయినా ఆ చారల బొమ్మ చూసినవాళ్ళలో ఎక్కువమందికి దాని వెనక ఊలూ సూదీ ఉన్నాయని తెలియదు.

ముక్క ఒకరిది, అతుకు ఇంకొకరిది అన్న ఏర్పాటు రోజెన్ కన్నా చాలా పాతది. 1840ల్లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులుకు పోయి జనం లక్షల్లో చచ్చిపోతున్నప్పుడు, కూటి కోసం అక్కడి ఆడవాళ్ళు క్రోషే లేసు అల్లారు. కార్క్ దగ్గర బ్లాక్‌రాక్‌లోని ఉర్సులైన్ సన్యాసినులు నేర్పారు. మోనహన్ ప్రాంతంలోని క్లోన్స్‌లో పాదరీగారి భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో ఆ పని నిలబెట్టారు. ఆ లేసులో ఒక ఇంటివాళ్ళు గులాబీలే అల్లేవారు, ఇంకో ఇంటివాళ్ళు ఆకులే అల్లేవారు. ఎవరి నమూనా వాళ్ళు గుట్టుగా కాపాడుకునేవారు. ఆ పువ్వులన్నిటినీ గుడ్డ మీద పేర్చి, మధ్యలో వల అల్లి ఒక కాలరుగానో గౌనుగానో చేసేవాళ్ళు వేరే.

దాదాపు అదే కాలంలో, 1844 ప్రాంతంలో, స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మెక్రేలు నరసాపురం తీరాన ఆడవాళ్ళకు లేసు నేర్పారని చెబుతారు. తరువాత గోదావరికి ఎగువన దుమ్ముగూడెంలో కూడా మిషనరీల చలవతోనే లేసు పని సాగింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో అది తరాల తరబడి నిలిచిపోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ పల్లెల్లో తిరిగి పరిశోధన చేశారు. దాని ఫలితంగా నరసాపురం లేసు కార్మికులపై 1982లో వచ్చిన ఆమె పుస్తకం ప్రపంచమంతటా స్త్రీల శ్రమ గురించి చదువుకునేవాళ్ళకు తెలుసు. నరసాపురంలో ఎంతమందికి తెలుసో చెప్పలేం.

ఆ పుస్తకం చూపించిన బొమ్మ ఇది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు. వాటిని ఏజెంటు ఇంకో ఇంటికి చేరిస్తే అక్కడ అతుకుపని జరుగుతుంది. పూర్తయిన సరుకు ఎగుమతి వ్యాపారి దగ్గరికి పోతుంది. పువ్వు అల్లినావిడకు బల్లగుడ్డ ఎలా ఉంటుందో తెలియదు, అతికినావిడకు అది ఏ దేశం పోతుందో తెలియదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు వంగి కూర్చున్నా చేతికి రూపాయి కూడా వచ్చేది కాదు. అదే కాలంలో పొలం కూలీలకు ఉన్న కనీస వేతనంతో పోల్చినా అది చాలా తక్కువ. లేసు అల్లేవాళ్ళు లక్షకు పైగా ఉంటారని అంచనాలుండగా, ప్రభుత్వ లెక్కల్లో మాత్రం వాళ్ళలో చాలామంది కార్మికులే కారు, ఇంటిపట్టున ఉండే గృహిణులు. ఇంత తక్కువ ఇవ్వడానికి వ్యాపారులు చెప్పుకున్న సాకు కూడా మీస్ రాశారు. ఆడవాళ్ళు తీరిక వేళల్లో ఏదో కాలక్షేపానికి అల్లుకుంటారట.

అన్నం వార్చి, గేదెకు కుడితి పెట్టి, దీపం దగ్గర సూది పట్టుకున్న మనిషికి అది తీరిక వేళ అని నిర్ణయించినవాళ్ళెవరో గాని, వాళ్ళ మాట బాగా చెల్లింది.

నరసాపురంలోది పొట్టకూటి పని, విస్కాన్సిన్‌లోది దానం, రెండింటినీ ఒకే గాటన ఎలా కడతారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాసాలో అతికేవాళ్ళను ఎవరూ దోచుకోలేదు. తమ ఇష్టంతో కూర్చున్నారు. అయితే రెండుచోట్లా పనికి పునాదిగా ఉన్న నమ్మకం ఒకటే. ఆడవాళ్ళ కాలం మిగులు సరుకు, సంచిలోని ఊలు లాగే ఊరికే దొరుకుతుంది. దానం చేసేవాళ్ళు ఆ నమ్మకాన్ని పట్టించుకోకపోతే పెద్ద నష్టం లేదు. వ్యాపారం చేసేవాళ్ళు పట్టించుకోకపోతే తరాల కూలి పోతుంది.

2016 జనవరి 31న చెన్నైలో సుబశ్రీ నటరాజన్ ఆధ్వర్యంలోని 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరిచి గిన్నెస్ రికార్డు సాధించింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అల్లి పంపిన దుప్పట్లు ఒక్కటై, ఆ తరువాత అవసరంలో ఉన్నవాళ్ళకు చేరాయి. రికార్డు కోసం అల్లి ఊరుకోకుండా పంచిపెట్టడం ఆ కార్యక్రమంలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన సంగతి. వార్తలు మాత్రం చదరపు మీటర్ల దగ్గరే ఆగాయి. అన్ని ముక్కల్ని ఒక్కటిగా చేసిన చేతుల గురించి రాయడానికి చోటు మిగల్లేదు కాబోలు.

ఇంకో సూటి ప్రశ్న కూడా ఉంది. ఇంత శ్రమ ఎందుకు? పానిపట్టు మిల్లులు విదేశాల నుంచి పాత ఊలు బట్టలు తెప్పించి, రంగుల వారీగా ఏరి, చీల్చి, మళ్ళీ దారం తీసి చవక రగ్గులు నేస్తాయి. భూకంపం వచ్చినా, వరద వచ్చినా దశాబ్దాల పాటు సహాయ సంస్థలు ఎక్కువగా పంచినవి ఆ రగ్గులే. ఒక రకంగా అవీ మిగులు ఊలు దుప్పట్లే, కాకపోతే యంత్రం నేసినవి. లంబసింగిలోనో, ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లోనో డిసెంబరు రాత్రి పిల్లలు వణుకుతుంటే క్రోషే ముక్కల కోసం ఎదురుచూడటం బుద్ధి తక్కువ. డబ్బు పోగుచేసి రగ్గులు కొనడమే సబబు. దానానికి చేతి అల్లికే గొప్పదన్న మాటలో పస లేదు. ఆశ్రమంలో ఏళ్ళ తరబడి ఉండబోయే ముసలమ్మకో, తల్లి పక్కన పడుకున్న పసిబిడ్డకో, పదేళ్ళు వాడుకునే ఒక సొంత వస్తువు ఇవ్వాలనుకున్నప్పుడు మాత్రం చారల దుప్పటికి సాటి లేదు. అతుకు గట్టిగా ఉంటేనే అది పదేళ్ళు నిలుస్తుంది.

విచిత్రమేమిటంటే, అతికేవాళ్ళకు విలువ కట్టడం తెలుగు ఇళ్ళకు బాగా తెలుసు. పాత నూలుచీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టించడం నిన్నమొన్నటిదాకా ఊరూరా ఉండేది, అక్కడక్కడ ఇప్పటికీ ఉంది. "బొంతలు కుడతాం" అని వీధిలో కేక వినిపిస్తే ఇల్లాలు బయటికొచ్చి చీరలు చూపించేది, కూలి బేరం అక్కడే అరుగు మీద తెగేది. చీరలు ఇంటివాళ్ళవి, అతుకులూ కుట్లూ కుట్టేవాళ్ళవి. కూలి డబ్బులో, గింజలో, ఏదైనా సరే, ముందే మాట అయిపోయేది. అది తీరిక వేళల కాలక్షేపమని ఏ ఇల్లాలూ అనలేదు. అదే చెయ్యి సూది మార్చి లేసు పట్టుకునేసరికి మాత్రం లెక్క మారిపోయింది.

ఈ మధ్య హైదరాబాద్, విశాఖ అపార్టుమెంట్లలో యూట్యూబు చూసి క్రోషే నేర్చుకునేవాళ్ళు పెరిగారు. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళి ఆరు నెలలుండే అమ్మలు కొందరు అక్కడి గ్రంథాలయాల్లో అల్లిక బృందాల పక్కన చేరుతున్నారు. భాష రాకపోయినా సూది మాట్లాడుతుంది. ఇలాంటివాళ్ళు నలుగురు కలిసినచోట చారల దుప్పటి మాట రాక మానదు. అప్పుడు మొదట తేల్చుకోవలసింది రంగులు కాదు, అతుకు ఎవరి వంతన్నది.

దీనికి పద్ధతులున్నాయి. కొసలు దాచని ముక్కను తీసుకునేది లేదని ముందే చెప్పేయొచ్చు. మొహమాటం పడితే 588 కొసలూ ఒకరి నెత్తినే పడతాయి. చారలన్నీ అయ్యాక ప్రతి ముక్క చుట్టూ గోధుమ రంగులోనో తెలుపులోనో ఒకే రంగు అంచు వేయమంటే, ఆరుంపావు అంగుళాల ముక్క కూడా ఏడుకు వచ్చి కూర్చుంటుంది, పక్క ముక్కతో కుట్టుకు కుట్టు కలుస్తుంది. అంచుకు కొత్త ఊలు కొనాల్సి వస్తే కొనాలి, అందులో చిన్నతనం లేదు. అసలు మిగులు దుప్పటి కోసమని రంగురంగుల కొత్త ఉండలు బుట్టెడు కొనేవాళ్ళ సంగతే నవ్వు తెప్పిస్తుంది. ఏడుగురు ఉన్న బృందమైతే, ఒక్కొక్కరు ఒక్కో అడ్డవరసలోని ఏడు ముక్కలు కలిపి తేవచ్చు. ఒక్కొక్కరి వంతుకు వచ్చేది 54 అంగుళాలు, నాలుగున్నర అడుగులు. ఒక సాయంత్రం పని. చివరికి మిగిలేది ఏడు పట్టీలను కలిపే 6 పొడుగు అతుకులే.

అంత ఓపిక లేనివాళ్ళు ఆ పని నరసాపురానికి పంపొచ్చు. అక్కడి సీతారామపురంలో అలంకృతి లేసు పార్కు ఉంది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చైనా నుంచి వచ్చే యంత్రపు లేసు దెబ్బ తిన్న పరిశ్రమకు అది మంచి కబురే. అయితే ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరును, కూలి రేటును కాదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ సరుకు తయారుచేసేవాళ్ళు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేసుకోవచ్చు. ఆ జాబితాలో ఎగుమతిదారుల పేర్లు చేరడం పెద్ద విశేషం కాదు. పువ్వు అల్లినావిడ, అతుకుపని చేసినావిడ పేర్లు అందులోకి రావాలంటే, దరఖాస్తులు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళే బాధ్యత చేనేత జౌళి శాఖ తీసుకోవాలి. ఏజెంటు చేతిలో కాగితాలు పెట్టి ఊరుకుంటే పాత కథే నడుస్తుంది.

అతుకుపనికి గజం లెక్కనో అడుగు లెక్కనో రేటు కట్టి, దుప్పటి పంపేటప్పుడే డబ్బు పంపితే సరి. 56 అడుగులు అతుకు, 224 అంగుళాలు అంచు, ఇన్ని కొసలు అని కాగితం మీద రాసి ఇస్తే బేరానికి రెండువైపులా ఒకే లెక్క ఉంటుంది. విరాళం ఊలు పోగుచేసే పెట్టె దగ్గర "చారల ముక్కలు కావాలి" అని రాసి పెట్టే బోర్డు మీద, దానికి పైన ఇంకో వాక్యం పట్టేంత చోటు ఉంటుంది: అతికేవాళ్ళు కావాలి, కూలి ఇస్తాం.